ఉత్త పడవకు ఎదురొచ్చిన ఊరు

మంచుదేశపు అడవిలో, నది ఒడ్డున ఉన్న నొలిత్నా ఊళ్ళో జంతువు ఎంత పెద్దదైతే మాట అంత చిన్నది. గుర్రాన్ని మించిన ఎత్తూ, తలుపు రెక్కంత కొమ్ములూ ఉన్న మగ మూస్ దుప్పిని పడగొట్టి వచ్చినవాడు గట్టెక్కి, బూట్ల బురద దులుపుకుని, "ఈసారి దోమలు కాస్త తక్కువే" అంటాడు. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడడు. ఆ మాట చెవిన పడగానే పెళ్ళాం కత్తులు నూరడం మొదలుపెడుతుంది. "ఏదో చిన్న కుంక కనబడింది" అన్నాడంటే చుట్టాలకు కూడా కబురు పెట్టాల్సిందే. "అబ్బే, ఏమీ లేదు" అన్నాడా, ఇక ఊరు ఊరంతా గిన్నెలు పట్టుకుని నదికి పరుగు.

కారణం చంటిపిల్లలకు కూడా తెలుసు. అడవికి చెవులున్నాయి. నేను కొట్టాను, నేను పొడిచాను అని గొప్పలు పోయినవాడి వైపు ఆ జాతి జంతువు మళ్ళీ కన్నెత్తి చూడదు. వాడి అదృష్టం వాడి నోట్లోంచే కారిపోతుంది.

అలాంటి ఊళ్ళో క్లెమెంట్‌ను పుట్టించడం దేవుడు ఆడిన వేళాకోళం. ఆయనకు మాట్లాడకపోతే తిన్నది అరగదు. గొప్పలు చెప్పుకుంటే అడవి ఊరుకోదు, చెప్పుకోకపోతే కడుపు ఊరుకోదు. బాగా ఆలోచించి కుర్రతనంలోనే ఒక అడ్డదారి కనిపెట్టాడు. తన చేతకానితనం గురించి కోతలు కొయ్యడం. దానికి ఏ జంతువూ కోపగించుకోదు కదా!

"ఒకసారి నల్లాయన నా వెంట పడ్డాడు" అని మొదలుపెట్టేవాడు. నల్లాయనంటే ఎలుగుబంటి. పాముని పురుగు అన్నట్టు దాన్ని కూడా పేరు పెట్టి పిలవరు. ఆడవాళ్ళయితే అసలే పిలవరు. "నేనెంత నెమ్మదిగా పరిగెత్తానంటే, తరమలేక తరమలేక ఆయనకే విసుగొచ్చి దారిలో పడి నిద్రపోయాడు. ఇంతలో మంచు పడింది. ఇక వసంతం దాకా లేవలేదు. నేనా? నేనింకా మొదటి మలుపు కూడా తిరగలేదు."

ఆయన నోటికి మూత భార్య మడలైన్. కోత మరీ శ్రుతి మించితే ఎండుచేప ముక్క ఒకటి తెచ్చి నోట్లో పెట్టేది. ఆవిడ పోయి ఏడాది దాటింది. మూత లేదు కాబట్టి క్లెమెంట్ ఇంకా ఎక్కువ మాట్లాడాలి. చిత్రమేమిటంటే, తక్కువ మాట్లాడసాగాడు.

పోయినవాళ్ళకు ఏడాది తిరిగాక చివరి విందు పెట్టడం అక్కడి ఆనవాయితీ. కొయుకుక్ నది పొడుగునా ఉన్న ఊళ్ళన్నీ కదిలివస్తాయి. పాటలు పాడతారు, పోయినామె పేరు చెప్పి నిప్పుకు ఒక పళ్ళెం పెడతారు, అప్పుడిక ఆమె వెనక్కి చూడకుండా తన దారిన తాను పోతుంది. విందంటే మూస్ మాంసం. మూస్ తలకాయ పులుసు లేనిది విందే కాదు. కొట్టులో కొన్న డబ్బా మాంసం పెట్టి సాగనంపినవాళ్ళూ లేకపోలేదు. వాళ్ళ ముచ్చట ఊరు ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటుంది.

మడలైన్ చేతి వంట తినని నోరు ఆ నది మీద లేదు. ఆమెను మట్టిలో దించినరోజు క్లెమెంట్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వెటకారం లేని మాట ఒకటి అన్నాడు. "నీ విందుకు మాంసం నేనే తెస్తానే." అందరూ విన్నారు. మరదలు ఒలింపియా అందరికంటే బాగా విన్నది.

అందుకే ఆకులు పసుపెక్కగానే కొడుకు వార్నర్‌నూ, మనవరాలు డార్లీన్‌నూ వెంటేసుకుని పడవెక్కాడు.

ఎక్కేముందే తాతకూ మనవరాలికీ వాదన జరిగింది.

"దూడల లంకకు పోదాం తాతా" అంది డార్లీన్. వార్నర్ కూతురు ఆ పిల్ల. పట్నంలో చదువుకుని వెనక్కొచ్చేసింది. బడిలో పిల్లలకు వండిపెడుతుంది. మాట తక్కువ, పట్టు ఎక్కువ. అచ్చం నాయనమ్మ పోలిక.

"లంకకా? మా నాన్న నాకు సరస్సు చూపించి పోయాడు. ఆయన కొట్టింది అక్కడే, నేను కొట్టిందీ అక్కడే. లంకలో ఏముంది, మీరు పెట్టిన లెక్కలు తప్ప?"

ఆ లెక్కల సంగతి చెప్పాలి. మూడు వసంతాల కిందట ప్రభుత్వ విమానం నది మీద తిరిగి, పుట్టిన మూస్ దూడల్లో శీతాకాలం దాకా బతుకుతున్నవి మరీ కొద్ది అని తేల్చింది. అందులో ఊరికి తెలియనిదేమీ లేదు. నల్లాయనలు పెరిగిపోయాయి. ఈనే కాలానికి లంక చుట్టూ కాపు కాసి, నేల మీద పడ్డ దూడను పడ్డట్టే ఎత్తుకుపోతున్నాయి. మిగిలినవాటిని మంచులో తోడేళ్ళు చూసుకుంటున్నాయి. ఊరు కూడి మాట్లాడుకుంది. ఒక్కో కుటుంబం ఒక్కో చోట నల్లాయనలనూ తోడేళ్ళనూ కాస్త తగ్గించాలని అనుకున్నారు. దూడల లంక క్లెమెంట్ కుటుంబానికి వచ్చింది.

నల్లాయన జోలికి ఆడది పోకూడదని పాత మాట. డార్లీన్ పోలేదు. తుపాకీ పట్టింది క్లెమెంట్, వార్నర్. కానీ ఎప్పుడు పోవాలి, పిల్లలున్న తల్లిని ఎలా వదిలెయ్యాలి, ఎక్కడితో ఆపాలి, ఇవన్నీ ఆ పిల్లే చెప్పింది. "ఇక చాలు, ఆయన వాటా ఆయనకు ఉండాలి" అని రెండో వసంతంలో మధ్యలోనే పడవ తిప్పించింది. కొట్టిన ప్రతిదాన్నీ తిన్నారు, పుర్రెను చెట్టుకు కట్టి మర్యాద చేశారు. శీతాకాలం తోడేళ్ళకు ఉచ్చులు పెట్టినప్పుడు కూడా గుంపుకు పెద్దలైన జంటను వదిలెయ్యమంది. "పెద్దలు పోతే కుర్రతోడేళ్ళు చెల్లాచెదురై, చిక్కినదాన్నల్లా కొరుకుతాయి" అన్నది ఆమె వాదన. "మన ఊరు లాగే" అని క్లెమెంట్ ఒప్పుకున్నాడు. మూడేళ్ళపాటు లంకలో మూస్ మీద ఎవరూ తుపాకీ ఎత్తకూడదని ఊరిచేత ఒట్టు కూడా వేయించింది. ఆ గడువు ఈ ఆకురాలుకాలంతో తీరిపోయింది.

అయినా ముసలాయన వినలేదు. పడవ సరస్సుకే పోయింది.

సరస్సులో బాతులున్నాయి, వాన ఉంది, నిరుటి అడుగుజాడలున్నాయి. మూస్ లేదు. వారమంతా తడిసి, పెట్రోలు అడుగంటాక వెనక్కు తిరిగారు. దారి పొడుగునా క్లెమెంట్ నోరు విప్పలేదు. వార్నర్‌కు భయమేసి తండ్రి నుదుటి మీద చెయ్యి కూడా వేసి చూశాడు.

గట్టు మీద ఒలింపియా చేపలు ఆరేస్తోంది. డెబ్భై దాటినా బావను ఏడిపించే విషయంలో పదహారేళ్ళదే.

"ఏం బావా, నీ ముఖం చూస్తే బూటు మింగినట్టున్నావు. ఏమైనా కనబడిందా?"

"ఏమీ లేదు ఒలింపియా" అన్నాడు క్లెమెంట్.

అన్నాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఒలింపియా చేతిలో చేప చేతిలోనే ఉంది. కళ్ళు మాత్రం మెరిశాయి. "ఏమీ లేదా! అయ్యో పాపం" అంది వస్తున్న నవ్వు ఆపుకుంటూ. చేప అక్కడే పడేసి చకచకా ఇంటికి పోయింది. ఆ ఊళ్ళో ప్రతి ఇంటా రేడియో ఉంటుంది, ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. "మా బావ వచ్చాడు. ఏమీ లేదట" అన్న కబురు నిమిషంలో ఊరంతా పాకింది.

పడవను ఒడ్డుకు లాగి కట్టేలోపే జనం దిగారు. కత్తులు, తొట్లు, ఉప్పు సంచులు, గుడ్డ పరదాలు. కుర్రవాళ్ళు కట్టెలు మోసుకొచ్చి కుప్ప పోస్తున్నారు.

"ఏమీ లేదంటున్నానా!" అన్నాడు క్లెమెంట్ చేతులూపుతూ.

"సరే సరే, లేదులే" అన్నారు ఆడవాళ్ళు గిన్నెలు దించుతూ.

"నిజంగా లేదు!"

ఆ మాటతో గట్టు మీద గుసగుస బయల్దేరింది. "నిజంగా అన్నాడే! అయితే ఒకటి కాదర్రా. రెండు."

"ఒరేయ్ వార్నర్, నువ్వన్నా చెప్పు!"

వార్నర్ పాపం నిజాయితీపరుడు. "మా నాన్న చెప్పేది నిజమే. ఒక్క జాడైనా తగల్లేదు" అన్నాడు తల వంచుకుని.

"కొడుకు కూడా అదే మాట! చూశావా పెంపకం" అని ముసలమ్మలు మెచ్చుకున్నారు.

క్లెమెంట్ పడవ చూపించాడు. ఖాళీ పడవ బాతులా నీటి మీద తేలుతోంది. దానికీ జవాబు ఉంది. "ఈ డొప్పలో రెండింటిని ఎలా తెస్తావు బావా? ఎగువన కర్రలకు వేలాడేసి పెద్ద పడవ కోసం వచ్చావు. మాకు తెలీదనుకోకు" అంది ఒలింపియా. ఆమె అంటూండగానే ఊరి పెద్ద పడవను నలుగురు తోసుకొచ్చారు, టాంకు నిండా పెట్రోలు పోశారు. ఆపైన ఒలింపియా గొంతు తగ్గించి, "అక్క విందుకు తెస్తానన్నావు. నాకు నమ్మకం లేకపోయింది. తప్పే నాది" అంటూ ఆయన చేతిని ఒక్కసారి పట్టుకుని వదిలేసింది.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు. ఎల్లుండి విందు. కింది ఊళ్ళ పడవలు రేపటికల్లా దిగుతాయి. రేడియోలో ఇప్పటికే ఎవరో వాళ్ళకు చెబుతున్నారు: "పెద్ద కుండలు తెచ్చుకోండి, క్లెమెంట్‌కు ఏమీ దొరకలేదట!"

ఆయన గట్టు అంచున కూలబడ్డాడు. బతుకంతా కోసిన కోతల్లో ఒక్కటీ ఇంత బలంగా జనానికి పట్టలేదు. మొదటిసారి నిజం చెప్పాడు, ఊరు ఊరే మోసపోయింది.

డార్లీన్ వచ్చి పక్కన కూచుంది.

"ఏం చేద్దామే? అందరినీ పిలిచి, మడలైన్ మీద ఒట్టేసి చెప్పనా?"

"ఒట్టేస్తే మూడు అనుకుంటారు" అంది. "వీళ్ళను నమ్మించడం కంటే ఒకదాన్ని పట్టుకురావడమే తేలిక తాతా. లే."

"ఎక్కడికి?"

ఆమె అప్పటికే లేచింది. పెద్ద పడవలోకి దుప్పట్లు విసురుతోంది. క్లెమెంట్‌కు ఆ నడుము వంపు, ఆ విసురు ఎక్కడో చూసినట్టే ఉంది. లేచి వెళ్ళి పడవలో కూచున్నాడు, వార్నర్ మోటారు పట్టాడు. తోడొస్తామన్న కుర్రాళ్ళను ఆమె "మాంసానికి చోటు చాలదు" అని ఆపేసింది. గట్టు చప్పట్లు కొట్టింది.

దూడల లంక నది రెండుగా చీలిన చోట, మధ్యలో నిండా సన్నకొమ్మల విల్లో పొదలతో పచ్చగా ఉంటుంది. తెల్లారగట్ల మంచుతెర ఇంకా లేవకముందే ముగ్గురూ పొదల్లో చేరారు. క్లెమెంట్ ఈ కాలంలో ఇక్కడికి వచ్చి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. మోకాళ్ళ మీద కూచుని నేల చూశాడు.

నేల నిండా రాత ఉంది. పెద్ద గిట్టలు, వాటి పక్కనే చిన్న గిట్టలు. విల్లో కొమ్మల చివళ్ళు ఎక్కడికక్కడ కొరికి ఉన్నాయి. బురద అంచున తోడేళ్ళ జాడ కూడా కనబడింది. ఒకటి పెద్దది, ఒకటి ఇంకా పెద్దది, వెనకాల పిల్లల వరస. దొంగతనానికి వచ్చిన వాళ్ళ నడక కాదది. తమ ఇంటి పెరట్లో తిరిగినట్టు నింపాదిగా పోయాయి.

"నీ పెద్దలు బాగానే ఉన్నారు" అని గుసగుసలాడాడు.

"నోరు ముయ్యి తాతా."

ఆయన సంచిలోంచి మూస్ దాపటి భుజం ఎముక తీశాడు. ఎండి తెల్లబడిన వెడల్పాటి ఎముక. దాంతో పొదను బరికాడు, ఒకసారి కిందికి, ఒకసారి అడ్డంగా, ఆగి మళ్ళీ. మగ మూస్ కొమ్ములు రాపాడించుకునే చప్పుడు అచ్చం అదే. ఇంకో మగది విన్నదంటే, నా తావులో నువ్వెవడివిరా అని రాక తప్పదు. ఈ పనిలో మాత్రం క్లెమెంట్ గురించి ఊరు ఏమీ మాట్లాడుకోదు. అంటే గొప్పవాడన్నమాట.

పొదలు కదిలాయి. వార్నర్ తుపాకీ ఎత్తాడు.

వచ్చింది ఆడది. పొడుగాటి ముఖం, తడిసిన చెవులు. వెనకే ఒక దూడ. ఆ దూడ వెనక ఇంకో దూడ. రెండూ బలిసి నిగనిగలాడుతున్నాయి. క్లెమెంట్ ఎముక దించాడు. ఒక తల్లికి రెండు దూడలు ఆకురాలేదాకా బతికుండటం ఆయన చూసి చాలాకాలమైంది. వాటికవతల, మసక మసకగా మరో తల్లి, మరో దూడ.

"నాన్నా," అన్నాడు వార్నర్ పెదాలు కదిలీ కదలకుండా, "పోయినవాళ్ళ విందుకు ఏదైనా కొట్టొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. చాలు. ఇంటికి పోదాం."

నిజమే. చట్టం ఒప్పుకుంటుంది. ఇరవై అడుగుల్లో ఉంది మాంసం. గట్టు మీద కుండలు కాగుతున్నాయి. ఇది పోతే మరొకటి రాకపోవచ్చు. డార్లీన్ తాత ముఖం కేసి చూసింది, అంతే. మడలైన్‌కిచ్చిన మాట ఒక పక్క, ఈ పిల్ల మూడు వసంతాల కష్టం ఒక పక్క. మధ్యలో తన పరువు బాతులా తేలుతోంది.

క్లెమెంట్ చెయ్యి చాచి కొడుకు తుపాకీ గొట్టాన్ని మెల్లగా కిందికి దించాడు.

తల్లి చెవులు రిక్కించి, పిల్లల్ని తీసుకుని పొదల్లోకి పోయింది. పోతుంటే ఆయనకు గుండె జారింది, అదే సమయంలో పొంగింది కూడా. ఆ రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో ఆయనకు తెలియలేదు.

మళ్ళీ ఎముక పట్టుకున్నాడు. బరికాడు, ఆగాడు. పొద్దెక్కింది. ఏ మూలో కాకి అరిచింది. వార్నర్ పెదవి కొరుకుతూ పడవ వైపు చూడసాగాడు.

అప్పుడు నది చీలిక అవతలి నుంచి చప్పుడు వచ్చింది. గొంతులోంచి వచ్చే మోటు మూలుగు. తర్వాత కొమ్మలు విరిగిన చప్పుడు. అడవిలోంచి కొమ్ములు ముందొచ్చాయి, కాసేపటికి మిగిలిన శరీరం వచ్చింది.

క్లెమెంట్ తన తుపాకీ తీసి డార్లీన్ చేతిలో పెట్టాడు.

"నేనా?" అన్నాయి ఆమె కళ్ళు. ఆమె ఇంతవరకూ మూస్‌ను కొట్టలేదు. ఇంట్లో పెద్దవాళ్ళుండగా ఆ వంతు ఎప్పుడూ రాలేదు.

"నా చేతులు ఎముక గీకి చచ్చాయి" అన్నాడు. పచ్చి అబద్ధం.

మగది నీళ్ళలోకి దిగింది. పొట్టదాకా నీళ్ళలో నిలబడి ఇటే చూస్తోంది. పక్క మొత్తం చూపిస్తోంది. ఇంతకంటే సులువైన గురి పుట్టదు. వార్నర్ మోచేత్తో పొడిచాడు. "కొట్టు, కొట్టు!"

డార్లీన్ కొట్టలేదు. నీళ్ళలో పడిందంటే ముగ్గురు మనుషులు దాన్ని కదపలేరు. మంచు నీళ్ళలో నిలబడి కొయ్యాలి, సగం మాంసం నది పాలు. మగది అలాగే నిలబడింది. తల తిప్పింది. వెనక్కి పోతుందేమోననిపించింది. ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతేమిటంటే, ఆ క్షణాన క్లెమెంటే గనక తుపాకీ పట్టి ఉంటే నీళ్ళలోనే కొట్టేసేవాడు.

ఆయన ఎముకను ఒకసారి, ఒకే ఒక్కసారి, పొద మీద గీశాడు.

మగది విసురుగా కదిలింది. నీళ్ళు చిమ్ముకుంటూ ఇవతలి ఒడ్డెక్కి, గట్టి నేల మీద నాలుగు కాళ్ళూ ఆనించి, ఎవడురా వాడు అన్నట్టు కొమ్ములు ఊపింది. తుపాకీ పేలింది. రెండడుగులు వేసి, మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగింది.

డార్లీన్ వెళ్ళి దాని తల దగ్గర కూచుని, చెప్పవలసిన మాటేదో మెల్లగా దానికే చెప్పింది. క్లెమెంట్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కొమ్ములు చూశాడు, మెడ చూశాడు, నడుం మీద అరచేతి మందాన పేరుకున్న కొవ్వును వేళ్ళతో నొక్కి చూశాడు. నోట్లో మాటలు తేనెటీగల్లా ముసిరాయి.

"కొంచెం బక్కదే" అన్నాడు చివరికి.

డార్లీన్ తల వంచుకుంది. చెవులదాకా ఎర్రబడింది.

కోసి, చర్మంలో చుట్టి, పడవకెత్తేసరికి మధ్యాహ్నం దాటింది. పేగులూ, కొన్ని ముక్కలూ లంకలోనే వదిలారు. ఆ ఇంటి పెద్దలకూ వాటా ఉండాలి కదా.

సాయంత్రానికి పడవ అంచులదాకా నీళ్ళలో మునిగి ఊరు చేరింది. గట్టు కిటకిటలాడుతోంది. కింది ఊళ్ళవాళ్ళు కూడా దిగిపోయారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. పైన వేలాడేసిన మాంసం కిందికి తెచ్చారు, అంతే కదా!

"ఒకటేనా? రెండోదాన్ని ఎవరికి దాచావు బావా?" అంది ఒలింపియా, కత్తి పట్టుకుని ముందుకొస్తూ.

క్లెమెంట్ నోరు తెరిచాడు, మూశాడు. ఇవాళ పొద్దున్నే కొట్టింది, డార్లీన్ కొట్టింది, నేనే వెక్కిరించిన లెక్కల లంకలో కొట్టింది అని చెప్పాలని నాలిక పీకుతోంది. చెబితే గొప్ప. పైగా ఎవరు నమ్ముతారు?

ఒలింపియా మొదటి తొడను పరదా మీద పరిచి, కత్తి దించింది. ఆగింది. వారం రోజులు గాలికి వేలాడిన మాంసం పైన నల్లగా తోలు కడుతుంది. ఇది తడిగా, ఎర్రగా ఉంది. ఎముక పక్కకు వేళ్ళు దూర్చింది. వెచ్చగా ఉంది. చల్లగాలిలో సన్నగా ఆవిరి లేచింది.

పక్కనున్న ఆడవాళ్ళ కత్తులు కూడా ఒక్కొక్కటే ఆగాయి. అందరూ పుట్టినప్పటి నుంచి మాంసం కోస్తున్నవాళ్ళే. ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. నిన్న ఈ ముసలాడు చెప్పింది నిజం. వీళ్ళ దగ్గర నిజంగానే ఏమీ లేదు.

ఒలింపియా తలెత్తి బావను చూసింది. ఆయన ఆకాశం చూస్తున్నాడు. వార్నర్‌ను చూసింది, వాడు మోటారు చూస్తున్నాడు. డార్లీన్ చేతుల వైపు చూసింది. గోళ్ళలో ఇంకా తడి నెత్తురు, కుడి భుజం కొంచెం పట్టేసి ఉంది, తుపాకీ తన్నిన చోట. డెబ్భై ఏళ్ళుగా ఏ మనిషినీ ఊరికే వదలని నోరు అది. తెరుచుకుంది. గట్టంతా ఎదురుచూసింది.

"బొమ్మల్లా నిలబడ్డారేమే? కొయ్యండి" అంది, అంతే. మళ్ళీ పొద్దుగూకేదాకా ఆమె ఒక్క వేళాకోళం ఆడలేదు. డార్లీన్ అనే మనిషి ఆ ఊళ్ళో అంతకు మించిన మర్యాద ఆపైన ఎన్నడూ పొందబోదు.

ఊరి హాల్లో విందు బ్రహ్మాండంగా జరిగింది. తలకాయ పులుసు కుండల్లో తుకతుకలాడింది. మడలైన్ పాట పాడారు, కొత్తది, ఆమె వంట గురించీ, ఆమె విసుర్ల గురించీ. బయట నిప్పుకు పెట్టే పళ్ళెంలో క్లెమెంట్ మెత్తటి ముక్కు ముక్క, పక్కటెముక కొవ్వు, కాసిని బెర్రీలు సర్దాడు. ఇంటి పెద్ద పెట్టాల్సిన పళ్ళెం అది. ఆయన దాన్ని డార్లీన్ చేతికిచ్చి వెనక్కు జరిగాడు. కొవ్వు తగలగానే మంట నిలువెత్తు లేచింది. డార్లీన్ మాత్రం ఆరోజంతా ఎండుచేపే తిన్నది. మొదటిసారి కొట్టినదాంట్లో కొట్టినవాళ్ళు ముక్క కూడా ముట్టకూడదు, అంతా పంచాల్సిందే. చేప నములుతూ గరిటె పట్టుకుని వరసలమ్మట వడ్డించింది.

కింది ఊరి అంబ్రోజ్, క్లెమెంట్‌తో కోతల్లో పోటీ పడే ముసలాడు, మూడో గిన్నె పులుసు ముగించి మూతి తుడుచుకున్నాడు. చాలాకాలంగా ఇంత కొవ్వున్న మాంసం ఈ నదిలో తినలేదని ఆయన కడుపు చెబుతోంది.

"ఏమోయ్ క్లెమెంట్, బాగానే ఉంది. ఎవరు కొట్టారేం?"

హాల్లో చెంచాలన్నీ ఆగాయి.

ఒలింపియా కప్పు కేసి చూడసాగింది, అక్కడేదో చిల్లి పడ్డట్టు. ఊరి పెద్ద తన బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. వార్నర్ గోడ మీది గడియారం చదువుతున్నాడు. ముసలమ్మలు కిటికీ వైపు, పిల్లలు కుక్కల వైపు, కుర్రాళ్ళు తమ చేతుల వైపు. నొలిత్నా ఊరు ఊరంతా ఎంతో శ్రద్ధగా తలా ఒక దిక్కు చూస్తోంది. నట్టనడుమ, గరిటె పట్టుకుని, ఎవరి చూపూ తగలకుండా నిలబడి ఉన్నది డార్లీన్ ఒక్కతే.

అంబ్రోజ్ ఆ చూపులన్నిటినీ నింపాదిగా చుట్టి వచ్చాడు. గిన్నె తీసుకుని, లేచి, ఆ పిల్ల ముందుకు వెళ్ళి, రెండు చేతులతో గిన్నె చాచాడు.

క్లెమెంట్ పొయ్యి గొట్టం కేసి చూస్తున్నాడు. అది ఆయన ఎప్పటినుంచో ఎరిగిన గొట్టమే. అయినా అంత అందమైన పొయ్యి గొట్టం ఈ నది మీద మరెక్కడా లేదన్నట్టు, తల తిప్పకుండా, చూస్తూనే ఉన్నాడు.